కొండదారిలో పక్కబాట

మా ఊళ్ళో ఎత్తు అంటే కాలవగట్టు. అంతకన్నా పైనుంచి లోకాన్ని చూడాలంటే తాడిచెట్టు ఎక్కాలి, దానికి కల్లుగీసేవాడి దయ ఉండాలి. తణుకు చుట్టుపక్కల పుట్టినవాళ్ళని ఎవరినైనా అడగండి, నేల అంటే బల్లపరుపుగానే ఉంటుందని, అలా లేనిచోట దేవుడు పని సగంలో వదిలేశాడని చెబుతారు. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. ఈ వేసవిలో రాజమహేంద్రవరం దాటి, ఉత్తరాన మన్యం కొండ ఎక్కి దిగి వచ్చాను కాబట్టి, ఎక్కనివాళ్ళ కోసం ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

ఎక్కింది ఎద్దుబండి మీద. బండి మీద అనడం మర్యాద కోసమే. చాలాదూరం బండి వెనకాల నడిచాను, ఒకచోట బండికి వేలాడాను. దారి ఎన్ని కోసులో, ఎక్కడ ఎన్ని గంటలు పట్టిందో నన్నడక్కండి. నాకు గుర్తున్నవి తిన్న తిండీ, తిన్న తిట్లూ.

కాడి మీద ఒట్టు

మా అక్క మొగుడు బుల్లెబ్బాయి. మంచివాడే. కాకపోతే తన ఎడ్ల ముందు ఇంకొకరి ఎడ్లు నడిస్తే ఆ పూట అన్నం సయించదు. కుడివైపు కట్టే ఎద్దు మల్లెడు, కుర్రది, తొందరెక్కువ. ఎడమవైపు గంగన్న. మా అక్క కాపురానికి వెళ్ళేటప్పుడు మా నాన్న ముచ్చటపడి కూడా పంపిన దూడ. దాన్నిబట్టి దాని వయసెంతో మీరే లెక్క కట్టుకోవచ్చు. మా బావ మాత్రం ఆ లెక్క ఎప్పుడూ కట్టలేదు.

మా వైపు ఏరువాక పున్నమి నాడు ఎడ్లన్నీ కొమ్ములకి రంగులు పూయించుకుని వరసగా పొలానికి కదులుతాయి. ఊరి చివర జనపతాడుకి మామిడాకులూ పచ్చగడ్డీ కట్టి తోరణం వేస్తారు. ముందు నడిచే జత దాన్ని తెంచుకుని వెళితే, ఆ వెనకే మిగతావాళ్ళ అరకలు. ఆరేళ్ళుగా ఆ ముందు జత మా బావది. ఈ ఏడు వీర్రాజు అడ్డం తిరిగాడు. అతను మా బావకి పొలం గట్టు పొరుగు. అంతకన్నా శత్రుత్వానికి కారణం అక్కర్లేదు.

"గంగన్నకి పళ్ళు కదులుతున్నాయి, బుల్లెబ్బాయ్. ఇంక ఈ ఏటి నుంచి మా జత ముందు నడవనీ" అన్నాడు, చెరుకు గానుగ దగ్గర పదిమందీ వింటుండగా.

"మా గంగన్న కొండైనా ఎక్కుతాడు" అన్నాడు మా బావ.

"అయితే ఎక్కించు."

నోరు జారడానికి ఒక మాట చాలు. చింతపండు కోసం మన్యం వెళ్ళొచ్చే షావుకారొకడు అక్కడే ఉన్నాడు. కొండ మీద వాలు ఎక్కువైన చోటల్లా పెద్దబాటని ఆనుకుని ఇంకో బాట ఉంటుందనీ, నెమ్మదిగా నడిచే బరువు బండ్లు అందులోకి తప్పుకోవాలనీ చెప్పాడు. వీర్రాజు అది పట్టుకున్నాడు. పెద్దలు కూర్చుని షరతులు కుదిర్చారు: నిండు బండి, ఒకటే జత, కొండ మీద కాడి దించకూడదు, పక్కబాట తొక్కకూడదు. గెలిస్తే గంగన్న బతికున్నంతకాలం మా బావదే ముందు వరస. ఓడితే ఇక ఆ మాట ఎత్తకూడదు.

సాక్షి కావాలన్నారు. ఊళ్ళో ఏ పనీ లేనివాణ్ణి నేనొక్కణ్ణే. కాడి మీద చెయ్యి వేయించి, ఉన్నది ఉన్నట్టు చెబుతానని ఒట్టు పెట్టించారు. రైతుకి కాడి మీద ఒట్టు అంటే ఆషామాషీ కాదు, తప్పితే ఆ ఏడు గింజ మొలవదంటారు. ఆ సాయంత్రం వీర్రాజు ఇంటి నుంచి మామిడితాండ్ర వచ్చింది. మర్నాడు మా అక్క సున్నుండలు కట్టింది. రెండూ తిన్నాను. సాక్షి అన్నవాడు ఇరుపక్షాలకీ సమానంగా ఉండాలి కదా.

బయలుదేరే ముందు అక్క నన్ను పక్కకి పిలిచింది. "పందెం గెలిచినా ఓడినా నాకొకటేరా. గంగన్న వెనక్కి రావాలి. మీ బావ మాట వినడు, నువ్వన్నా చూసుకో" అంది. కళ్ళలో నీళ్ళున్నాయి. సున్నుండ నోట్లో ఉండగా తల ఊపాను గాని, ఆ మాట దారంతా నా వెంట వచ్చింది.

బండిలో బెల్లం బుట్టలూ కొబ్బరికాయలూ వేశాం. మా బావ బరువంతా వెనక్కి సర్దించాడు. ఎందుకని అడిగితే అటూఇటూ చూసి, "గంగన్న మెడ మీద కాడి తేలిగ్గా ఉంటుందిరా" అన్నాడు గుసగుసగా. చదును నేల మీద అది మంచి తెలివే.

కొవ్వూరు రేవు

నిడదవోలు దాటేదాకా కాలవగట్టు మీదే ప్రయాణం. గట్టు మీద రెండు బండ్లు ఎదురైతే మా వైపు తగువుండదు. ఖాళీ బండి పక్కకి దిగాలి, నిండు బండి దర్జాగా పోవాలి. మాది నిండు బండి గనుక రెండు రోజులపాటు లోకమంతా మాకు తప్పుకుంది. మా బావ మీసం ఆ రెండు రోజుల్లో అంగుళం పెరిగినట్టనిపించింది.

కొవ్వూరులో గోదావరి దాటాలి. రైలు వంతెన కోసం నది మధ్యలో స్తంభాలు లేపుతున్నారు. అది రైలుకే గాని బండ్లకి కాదట. మనకి పాత పంటే గతి. రెండు పడవలు జతచేసి పైన బల్లలు పరిచినది. రేవు కూలి బండికి నాలుగణాలు, ఎద్దుకి అణా, మనిషికి ఒక కాని, అంటే పావు అణా. ఎద్దు కన్నా నేను నాలుగు రెట్లు చవకని అప్పుడు తెలిసింది. మా బావకి అందులో వింతేమీ కనిపించలేదు.

పంటు మీద మాకన్నా ముందే ఇంకో బండి ఉంది. అది కనబడకముందే దాని వాసన వచ్చింది. నరసాపురం అవతల సముద్రపొడ్డు నుంచి ఎండుచేపల బుట్టలు వేసుకుని వచ్చిన బండి. తోలేది ఆడమనిషి. పోలమ్మ. యాభై దాటి ఉంటాయి, మొలలో చేపల కత్తి, నోట్లో అడ్డపొగ చుట్ట. ఎడ్లు జత కుదరనివి: ఒకటి నల్లది, ఒకటి గోధుమరంగుది, ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. చేపలవాళ్ళ ఇళ్ళల్లో ఎడ్ల బండి ఏంటని అడిగాను. ఏటేటా వానలకి ముందు కొండ మీద సంతలకి ఎండుచేపలు తోలుకెళ్తుందట, మొగుడు సముద్రం మీద, ఆవిడ కొండ మీద.

పంటు కదలగానే మల్లెడు బెదిరి గంతులేశాడు. గంగన్న మాత్రం గోదావరిని పుట్టినప్పటి నుంచీ ఎరిగినట్టు నిలబడ్డాడు.

"పెద్దాయన నిమ్మళంగా ఉన్నాడండీ" అంది పోలమ్మ.

మా బావకి పౌరుషం వచ్చింది. "పెద్దాయన ఎవరమ్మా? మంచి వయసులో ఉన్నాడు."

"ఆయ్. కొమ్ముకి చుట్లు లెక్కపెట్టమంటారా బాబుగారూ?"

ఎద్దు వయసు కొమ్ము చుట్లలో తెలుస్తుంది. మా బావ కండువా తీసి, గంగన్నకి ఎండ తగులుతోందన్న మిషతో, ఆ కొమ్ముల మీద కప్పాడు.

రాజమహేంద్రవరం

ఇక్కడ ఒక పగలు ఎడ్లకి విశ్రాంతి. నాకు భోజనం. పూటకూళ్ళ ఇంట్లో పూటకి అణాన్నర, మనలాంటివాళ్ళకి బయటి పంచలో విస్తరి వేస్తారు. పప్పు బాగుంది, గోంగూర ఇంకా బాగుంది. నెయ్యి మాత్రం వడ్డించరు, చూపిస్తారు. గరిట వంగినట్టే వంగి వెనక్కి వెళ్ళిపోతుంది. మా ఊళ్ళో అలా చేస్తే పెళ్ళిళ్ళు ఆగిపోతాయి. మామిడిపళ్ళు మాత్రం అణాకి నాలుగు, చెరుకురసాలు. నేను అణా వరకే కొన్నాను, మా బావ నిద్రపోతున్నప్పుడు అతని మొలలో అణా వరకూ కూడా కొన్నాను.

బజారులో ఎవరు కనిపించినా మా బావ కొండ సంగతి చెప్పాడు. పలకరించినవాళ్ళకీ చెప్పాడు, పలకరించనివాళ్ళకీ చెప్పాడు. ఒక ముసలి కంసాలి అంతా విని, "కొండకేమండీ, అది అక్కడే ఉంటుంది. మీరే కాస్త చూసుకోండి" అన్నాడు.

గోకవరం దారి

కోరుకొండ దాటి గోకవరం దాకా రెండు రోజులు. ఆ రెండు రోజుల్లో పోలమ్మ బండిని మేము నాలుగుసార్లు దాటాం. ఎలాగంటారా? మా బావ కనుచూపుమేరలో బండి కనబడితే చాలు, మల్లెడి తోక మెలిపెట్టి దుమ్ము రేపుకుంటూ దాటేసేవాడు. ఆ తరవాత గంగన్నకి రొప్పు. చెట్టు నీడన ఆపి, నీళ్ళు పట్టి, ఒళ్ళు తుడిచి మేము లేచేసరికి పోలమ్మ బండి చుట్టపొగ వదులుకుంటూ మా ముందు నుంచి సాగిపోయేది.

నాలుగోసారి ఆవిడ ఉండబట్టలేక అడిగింది. "ఏం బాబుగారూ, ఎడ్లకేమన్నా ముహూర్తం దాటిపోతందా?"

"మా ఎడ్లు ఒకరి వెనక నడవవు."

"నా వెనకా? నా వెనక నడిచేది పిల్లులేనండీ" అని నవ్వింది.

నేను కూడా నవ్వాను. ఆ రాత్రి నాకు చారులో ఉప్పు ఎక్కువైంది. వండింది మా బావే.

గోకవరం దాటాక నేల మనసు మార్చుకోవడం మొదలుపెట్టింది. దూరాన నీలంగా మబ్బు కనిపిస్తే వాన వస్తుందన్నాను. అది మబ్బు కాదు, అదే కొండ. మా బావ బండి ఆపి దిగాడు. తరవాత గంగన్న మెడ నిమిరి, "అంతేమీ లేదురా" అన్నాడు. నాతో అన్నాడో ఎద్దుతో అన్నాడో తెలీదు.

కొండ అడుగున చావడి

కొండ మొదట్లో ఒక చావడి, అందులో దారి చూసుకునే ముసలాయన. ఆయన వెనక దారి రెండుగా చీలింది. ఒకటి వెడల్పుగా, నున్నగా, నిటారుగా పైకి. రెండోది దాని పక్కనే, మధ్యలో మోకాలెత్తు రాతికట్ట, సన్నగా వంకరలు తిరుగుతూ. వాలు తగ్గిన చోట రెండూ కలుస్తాయి, మళ్ళీ వాలు రాగానే విడిపోతాయి.

ముసలాయన మా బండి చుట్టూ ఒకసారి తిరిగి, "పక్కబాట పట్టండి బాబూ" అన్నాడు.

"నిండు బండి అండి మాది" అన్నాడు మా బావ, ఆయనకి కళ్ళు సరిగా లేవేమోనన్నట్టు.

"అందుకేగా చెప్తన్నాను. బరువున్నవాళ్ళకి పక్కబాట. పెద్దబాట ఖాళీవాళ్ళదండి. తాసీల్దారుగారి గుర్రబ్బండి, టపా సవారీ, సంత నుంచి ఉత్తినే పోయే బండ్లు."

ఇది మా బావకి మింగుడుపడలేదు. పుట్టినప్పటి నుంచీ ఖాళీ బండే పక్కకి దిగడం చూసినవాడు. నిండు బండి తప్పుకోవడమేంటి, ఉత్త బండి ఊరేగడమేంటి? "మా ఎడ్లకి ఇదొక బరువు కాదండి" అన్నాడు చివరికి.

"ఎడ్లు అలా అన్నాయాండి?" అన్నాడు ముసలాయన.

ఆయన ఇంకో మాట కూడా అడిగాడు. మీ బండికి దుంగ ఏదీ అని. కొండ బండ్లకి చక్రం వెనకాల గొలుసుతో ఒక చెక్కదుంగ వేలాడుతూ వస్తుంది. ఎడ్లు ఆగితే బండి వెనక్కి జారకుండా చక్రం దాని మీద ఆగుతుంది. మా వైపు బండి వెనక్కి జారుతుందన్న సంగతే ఎవరికీ తెలియదు. అద్దెకి ఇస్తానన్నాడు. అక్కర్లేదన్నాడు మా బావ. అంతలో పోలమ్మ బండి వచ్చింది. ఆవిడ దిగి, బుట్టలన్నీ ఒక్కొక్కటే ముందుకి సర్ది, దుంగ తన్ని చూసుకుని, మా వంక చూసింది.

"బరువు ముందుకి లాగండి బాబుగారూ. కొండ ఎక్కేటప్పుడు కాడి బరువుగా ఉండాలి."

"మా ఎడ్ల సంగతి మాకు తెలుసు" అని మా బావ పెద్దబాట పట్టాడు. నేను సాక్షిని, వెనకే నడిచాను. ఈ మాట రాయడానికి సిగ్గుగా ఉంది, అప్పుడు నాకు లోపల సరదాగానే ఉంది. తమాషా చూడబోతున్నాననుకున్నాను.

రెండో మలుపు

మొదటి మలుపు గంగన్న చక్కగా ఎక్కాడు. మా బావ వెనక్కి తిరిగి నాకేసి చూశాడు, రాసుకో అన్నట్టు. రెండో మలుపు దగ్గర దారి గోడలా లేచింది. వెనక్కి సర్దిన బరువు ఇంకా వెనక్కి జరిగింది. బండి తోక కుంగింది, నొగ పైకి లేచింది, దానితోపాటు కాడీ లేచింది. కాడికి కట్టిన తాడు మెడ కింద నుంచి గంగన్నని పైకి లాగేసింది. ముందుకాళ్ళు నేల వదిలాయి. నాలుక బయటికి వచ్చింది.

మా బావ ఒక్క గెంతున నొగకి వేలాడాడు. నేనూ వేలాడాను. పందిరికి రెండు సొరకాయల్లా ఇద్దరం ఊగుతున్నాం, మా బరువు చాలడంలేదు, బండి అంగుళం అంగుళం వెనక్కి జారుతోంది. అక్క మాట గుర్తొచ్చింది. నాకు ఏడుపొచ్చింది, దాచను.

పక్కబాట అక్కడ రాతికట్టకి అవతలే, కాస్త దిగువన. పోలమ్మ మమ్మల్ని చూసింది. తన బండి దుంగ మీద ఆపి, నెత్తిన ఒక బుట్టతో కట్ట దాటి వచ్చి, ఆ బుట్టని అలాగే మా చక్రం వెనక తోసింది. కరకరమని ఒక బుట్టెడు ఎండు సావడాయి చేపలు నలిగాయి, బండి ఆగింది. ఎండుచేప అంత గట్టిదని నాకు తెలీదు.

"తాడు కొయ్యండి!" అని అరిచి మొలలో కత్తి మా బావ చేతిలో పెట్టింది.

తాడు కోస్తే కాడి దిగినట్టే. కొండ మీద కాడి దిగితే పందెం పోయినట్టే. సాక్షిని నేను అక్కడే, అతని ముక్కు ముందు వేలాడుతున్నాను. మా బావ ఆలోచిస్తాడేమోనని నేను చూశాను. అతను నన్ను చూడనే లేదు. రెండు కోతల్లో తాడు తెగింది.

గంగన్న మోకాళ్ళ మీద పడి, దగ్గి, ఊపిరి తీసుకున్నాడు. మల్లెణ్ణి పోలమ్మ విడిపించింది. బండి నొగ ఆకాశంలోకి లేచింది, కొబ్బరికాయలన్నీ ఒక్కసారిగా స్వేచ్ఛ దొరికినట్టు కొండ దిగడం మొదలుపెట్టాయి. సరిగ్గా అప్పుడే దిగువ నుంచి ఒక గుర్రబ్బండి వస్తోంది. అందులో కోటు వేసుకున్న ఒక పెద్దమనిషి. కాయలు ఎగురుకుంటూ ఎదురెళ్ళేసరికి గుర్రం నిలిచిపోయింది. ఆయన దిగి ఇంగ్లీషులో కొంత, తెలుగులో ఎక్కువా తిట్టాడు. పెద్దబాట ఎవరిదో, మాకు ఆ బాటలో ఏం పనో అడిగాడు. మా బావకి ఏమీ వినబడలేదు. దారి మధ్యలో కూర్చుని గంగన్న తల ఒడిలో పెట్టుకున్నాడు.

"తేలిగ్గా ఉంటుందనే వెనక్కి సర్దానురా సుబ్బన్నా" అన్నాడు నాతో. "వీడికి వయసైపోయిందని నాకు తెలీదనుకున్నావా? ఈ ఒక్క ఏడూ ముందు నడిస్తే చాలనుకున్నాను."

నేను గంగన్న మెడ కింద మిగిలిన తాడు తీసేశాను. కత్తి తుడిచి పోలమ్మకి ఇచ్చాను.

పక్కబాట

పక్కబాట నెమ్మది ఎందుకో అప్పుడు తెలిసింది. ఎడ్లు చేతకానివి కావడం వల్ల కాదు. అక్కడ ఒక పద్ధతి ఉంది. ముందు బండి మలుపు ఎక్కాక, దుంగ మీద ఆపి, కాడి దించి, ఆ ఎడ్లని వెనక్కి తోలుకొచ్చి వెనక బండికి కట్టిస్తారు. అంటే ఎక్కినవాడు ఎక్కిపోడు, మళ్ళీ దిగివస్తాడు. ఒక్కో మలుపూ ఒక్కొక్కరు రెండుసార్లు నడుస్తారు. ఎవరు ఏ కులమని, ఏ ఊరని అక్కడ అడిగినవాడు లేడు. వెనక ఎవరున్నారనే అడిగారు.

మా వెనక ఉప్పు బండ్లు రెండు, కుండల బండి ఒకటి వచ్చాయి. అందరూ కలిసి మా బండిని కట్ట తెగిన చోటు నుంచి పక్కబాటలోకి దింపారు. దొర్లిన కాయల్ని దారిలో ఎవరికి దొరికినవి వాళ్ళు ఏరుకొచ్చి మా బుట్టల్లో వేశారు. అన్నీ వచ్చాయని చెప్పను, కోతులు తమ వాటా తీసుకున్నాయి. బరువు ముందుకి సర్దుకున్నాం. చావడి ముసలాయన కింద నుంచి అన్నీ చూస్తున్నాడు కాబోలు, ఒక దుంగ పంపించాడు, అద్దె ఊసు లేకుండా.

ఒక్కో మలుపులో పోలమ్మ బండి ఎక్కి ఆగాక, ఆవిడ పొట్టి నల్లెద్దుని వెనక్కి తోలుకొచ్చి మల్లెడి పక్కన కట్టాం. అంత అందమైన జతని మా ఊళ్ళో ఎవరైనా చూసి ఉంటే ఏరువాక దాకా నవ్వేవాళ్ళు. కాడి ఒకవైపు వాలిపోయింది, మా బావ ఒకవైపు వాలిపోయాడు. గంగన్న మెడకి నూనె రాసుకుని, ఏ బరువూ లేకుండా, ఎండుచేపల బండి వెనకాల ఆ వాసన పీల్చుకుంటూ నడిచాడు. అతని వెనక మేము.

"అమ్మా, నీ బుట్ట పాడైపోయింది" అన్నాడు మా బావ, మూడో మలుపులో.

"మీ పందెం పోయింది, నా బుట్ట పోయింది. చెల్లుకి చెల్లండీ" అంది పోలమ్మ. పందెం సంగతి ఆవిడకి ఎవరు చెప్పారని మా బావ నా వంక చూశాడు. నేను కొండల అందం చూస్తున్నాను.

పైన సంత

కొండరెడ్ల సంతలో బెల్లం నిలవలేదు. కొబ్బరికాయని చేతిలోకి తీసుకుని ఊపి, లోపల నీళ్ళ చప్పుడు విని నవ్వుకున్నారు. అణాకి రెండు కాయలు పోయాయి, మా ఊళ్ళో అణాకి నాలుగిచ్చినా బేరమాడతారు. ఎండుచేపలకి ఇంకా గిరాకీ. చక్రం కింద నలిగినవాటిని పోలమ్మ పొడిగా అమ్మేసింది, అది కొత్తరకమని చెప్పి.

తిండి సంగతి చెప్పాలి. వెదురుబొంగులో బియ్యం పోసి నిప్పుల మీద కాల్చారు. అడ్డాకు విస్తరిలో వేసి, చింతచిగురు పులుసు పోశారు. నెయ్యి చూపించలేదు గనుక దాని కోసం ఎదురుచూసే బాధ లేదు. జీలుగుకల్లు తియ్యగా ఉంటుంది, పిల్లాడి మాటలా మొదట ఏమీ అనిపించదు. రెండో డొప్ప తరవాత లేచి నిలబడబోయాను, నేల కూడా నాతో లేచింది. కొండ నేల కదా, దానికి అలవాటే అనుకున్నాను.

దిగేటప్పుడు బరువు వెనక్కి సర్దాలి. అప్పుడు మా బావ తెలివి పనికొచ్చింది. ఆ మాట నేను పైకి అనలేదు. రెండు రోజులు అనకుండా ఉన్నాను, అది నా జీవితంలో పెద్ద తపస్సు. గోకవరంలో మల్లెడికి జతగా ఒక ఎద్దుని అద్దెకి మాట్లాడుకుని, పోలమ్మ దగ్గర సెలవు తీసుకున్నప్పుడు మా బావ తన కండువాలో బెల్లం అచ్చు కట్టి ఇచ్చాడు. "వచ్చే ఏడు రండి బాబుగారూ, నా వెనక చోటుంటుంది" అంది.

ఏరువాక

పున్నమికి ముందు రోజు గానుగ దగ్గర అందరూ చేరారు. కాడి తెచ్చి నా ముందు పెట్టారు. చెయ్యి వేశాను. వీర్రాజు ఒక వైపు, మా బావ ఒక వైపు. మా అక్క గానుగ వాకిట్లో గంగన్న పక్కన నిలబడి ఉంది, ఆవిడకి ఏ తీర్పూ అక్కర్లేదు. నేను గొంతు సవరించుకున్నాను. అబద్ధం ఆడితే గింజ మొలవదు, నిజం చెబితే మా బావ తల వంగుతుంది. తిన్న సున్నుండలూ మామిడితాండ్రా రెండూ ఒకేసారి గుర్తొచ్చాయి.

"నువ్వాగరా" అన్నాడు మా బావ. "నేనే చెప్తాను. పెద్దబాటలో ఒక్క మలుపే ఎక్కాం. తరవాత కాడి దించింది నేనే. పక్కబాటలో, ఎండుచేపల బండి వెనకాల ఎక్కాం. వీర్రాజుదే ముందు జత. గంగన్న ఇంక కాడి కిందికి రాడు."

వీర్రాజు గెలిచిన మొహం పెట్టుకోవడానికి చాలా ప్రయత్నించాడు, కుదరలేదు.

మర్నాడు వరస కదిలింది. ముందు వీర్రాజు జత, గజ్జెలతో, పట్టు కుచ్చులతో. చివరాఖర్న మా బావ, మల్లెడికి అరువు తెచ్చిన ఎద్దుని జతచేసుకుని, అరకని బండిలో వేసుకుని, ఆ బండికి చావడి దుంగ అలాగే వేలాడుతుండగా. గంగన్నకీ అక్క కొమ్ములకి రంగు పూసింది. కట్టు లేదు, కాడి లేదు. అందరి వెనకా నడవాల్సినవాడు.

కాని గంగన్నకి షరతులు ఎవరూ చెప్పలేదు. ఆరేళ్ళుగా నడిచిన చోటు అతనికి తెలుసు. వరస పక్కనుంచి, ఎవరి తొందరా లేకుండా, ఒక్కొక్క జతనీ దాటుకుంటూ వెళ్ళాడు. వీర్రాజు ఎడ్లని కూడా దాటాడు. తోరణం కింద నిలబడి, తల ఎత్తి, పచ్చగడ్డి పట్టుకుని లాగాడు. తాడు తెగింది. గంగన్న అక్కడే నిలబడి గడ్డి నమలడం మొదలుపెట్టాడు.

ఊరంతా తోరణం వైపు ఎగబడి చూసింది. తరవాత వీర్రాజు వెనక్కి తిరిగి అరిచాడు. "బుల్లెబ్బాయ్! ఇది లెక్కలోకి రాదు!"

"రాదు, రాదు" అన్నాడు మా బావ అంత దూరం నుంచి. నవ్వుతున్నాడు, కళ్ళు తుడుచుకుంటున్నాడు. "వాడి మీద బరువేం లేదు కదయ్యా. కొండ మీద అడుగు, ఎవరైనా చెప్తారు. ఖాళీవాళ్ళది పెద్దబాట!"